తక్కువ ధరలో నీలం రాయి: నగ చేయించుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో మా కుటుంబం రెండు తరాలుగా నగల్లో రాళ్ళు పొదిగే పని చేస్తోంది. మా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది బొబ్బిలి నుంచో, చీపురుపల్లి నుంచో, నరసన్నపేట నుంచో వచ్చి, కూతురికి ఒక జత కమ్మలకు, కొడుక్కి ఒక ఉంగరానికి నాలుగైదు వేల రూపాయల్లో మంచి నీలం దొరుకుతుందా అని అడిగేవారే. దొరుకుతుంది. అయితే ఆ ధరకు వచ్చే రాయి మీద మనిషి చేయి ఏదో ఒక విధంగా పడే ఉంటుంది కాబట్టి, ఆ చేయి ఏం చేసిందో తెలుసుకున్న తరువాతే డబ్బు బయటకు తీయాలని నేను అందరికీ చెబుతుంటాను. వారు తరచుగా అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇవి.

నీలిరంగులో ఉన్న ప్రతి రాయీ నీలమేనా?

కాదు. నీలం అంటే కురువిందం అనే ఖనిజం. ఇది అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికం. శుద్ధంగా ఉన్నప్పుడు నీళ్ళలాగా రంగు లేకుండా ఉంటుంది. దానిలో ఇనుము, టైటానియం అతి స్వల్పంగా కలిస్తే నీలం అవుతుంది, క్రోమియం కలిస్తే కెంపు అవుతుంది, పసుపు వన్నె వస్తే కనకపుష్యరాగం అంటాం. అంటే ఈ మూడూ ఒక తల్లి బిడ్డలే. మోస్ కాఠిన్యపు కొలతలో వజ్రానికి 10, కురువిందానికి 9 కనుక రోజూ చేతికి ఉండే ఉంగరానికి కూడా ఇది తట్టుకుంటుంది. నీలి టోపాజ్, ఐయోలైట్, టాంజనైట్, నీలి స్పినెల్, కోబాల్టు కలిపిన గాజు చూడటానికి నీలంగానే ఉన్నా వేరే పదార్థాలు. దుకాణదారు బిల్లు మీద 'నీలి రాయి' అని మాత్రమే రాస్తే అది వీటిలో ఏదైనా కావచ్చు.

ట్రీట్‌మెంట్ చేసిన నీలం అంటే నకిలీదని అర్థమా?

ఈ ప్రశ్న దగ్గరే మనవాళ్ళు ఎక్కువగా పొరబడతారు. రాయి రంగునో తేటనో పెంచడానికి మనిషి చేసే పనే ట్రీట్‌మెంట్. ఆ మాట వినగానే రాయిని పక్కకు తోసేసేవారు కొందరు, ఆ మాట అసలు ఎత్తని దుకాణంలో నిశ్చింతగా కొనేవారు మరికొందరు. నేడు ప్రపంచ మార్కెట్లో నగలకు వాడే నీలాల్లో అత్యధిక భాగం కాల్చినవే. వేడి తగలని మంచి రంగు రాయి దొరకడం అరుదు, దొరికితే దాని ధర మన చర్చలోకి రాదు. కాబట్టి ట్రీట్‌మెంట్ ఉందా లేదా అని అడిగి ఊరుకుంటే చాలదు, ఏ ట్రీట్‌మెంట్ అని అడగాలి. వట్టి వేడితో రంగు తేలిన రాయి పూర్తిగా భూమిలో పుట్టిన రాయే. వేడితోపాటు బయటి మూలకాన్ని లోపలికి పంపినది దానికంటే ఒక మెట్టు కింద ఉంటుంది. పగుళ్ళలో గాజు నింపినది చాలా కింద ఉంటుంది, ఎందుకంటే దానిలో కొంత భాగం రాయే కాదు. ల్యాబ్‌లో పెంచిన నీలం వేరే తరగతి. అది కురువిందమే గాని గనిలో పుట్టింది కాదు. వీటన్నిటికీ ఎవరి ధర వారికి ఉంది. ఒకదాని ధరకు మరొకటి అమ్మడమే మోసం.

నీలాన్ని ఎలా కాలుస్తారు? కాల్చిన రంగు కొన్నాళ్ళకు పోతుందా?

పోదు. ఎండకు గాని, నీళ్ళకు గాని, ఏళ్ళు గడిచినందుకు గాని వెలిసిపోదు.

రాళ్ళను కాల్చడం కొత్త విద్య కాదు. 11వ శతాబ్దంలో అల్ బిరూనీ అనే పండితుడు కెంపులను నిప్పులో పెట్టి రంగు తేర్చే పద్ధతిని వివరించాడు. శ్రీలంకలో బొగ్గుల నిప్పును ఊదుగొట్టంతో రాజేసి రాళ్ళను కాల్చే పనివారు తరతరాలుగా ఉన్నారు. అసలు మలుపు 1970ల్లో వచ్చింది. శ్రీలంకలో గ్యూడా అని పిలిచే, పాలు కలిపినట్లు మసకగా ఉండే రాళ్ళకు అంతవరకు పెద్దగా విలువ ఉండేది కాదు. థాయ్ వ్యాపారులు వాటిని చవకగా కొని తీసుకువెళ్ళి కొలుముల్లో 1,500 డిగ్రీలు దాటిన వేడికి గురిచేస్తే అవి నిండు నీలాలై బయటకు వచ్చాయి. దీనికి కారణం తెలుసుకోదగినది. ఆ మసక రాయిలో రూటైల్ అనే ఖనిజపు సన్నటి సూదులు పట్టుదారాల్లా పరచుకుని ఉంటాయి. రూటైల్ అంటే టైటానియం ఆక్సైడ్. తీవ్రమైన వేడికి ఆ సూదులు రాయిలోనే కరిగిపోతాయి. దానితో మసక పోతుంది, విడుదలైన టైటానియం అక్కడున్న ఇనుముతో జతకట్టి నీలిరంగును ఇస్తుంది. రంగుకు కావలసిన సరుకంతా రాయిలో ముందే ఉంది, వేడి దాన్ని సర్దిపెట్టింది. అందుకే తక్కువ ఖర్చులో నీలం కావాలనేవారికి నేను మొదట చెప్పేది వట్టి వేడితో తయారైన రాయి గురించే.

గాజు నింపిన నీలం అంటే ఏమిటి? దాన్ని ఎందుకు అంతగా వద్దంటారు?

నిండా పగుళ్ళతో, నగకు పనికిరాని కురువిందాన్ని తీసుకుని, ఆమ్లంతో కడిగి, ఆ పగుళ్ళలోకి సీసం కలిసిన గాజును కరిగించి పంపుతారు. సీసపు గాజులో కాంతి వంగే తీరు కురువిందంలో వంగే తీరుకు దగ్గరగా ఉండటంతో పగులు కంటికి కనిపించకుండా పోతుంది. ఇలాంటి కెంపులు 2004 ప్రాంతంలోనూ, కోబాల్టు కలిపిన నీలి గాజుతో నింపిన నీలాలు 2012 ప్రాంతంలోనూ మార్కెట్లోకి వచ్చాయి. క్యారెట్‌కు వందల రూపాయల్లో, పెద్ద సైజులో, నిండు రంగులో దొరికే 'నేచురల్ నీలం' చాలాసార్లు ఇదే. దానిలో కనిపించే నీలిరంగులో ఎక్కువ భాగం గాజుది, తూకంలో కొంత భాగం కూడా గాజుదే.

కొన్నేళ్ళ క్రితం పార్వతీపురం నుంచి ఒక తల్లి తన కొడుకు ఉంగరం బిగుతైందని, వదులు చేయించమని తెచ్చారు. వేరే ఊళ్ళో కొన్నది, బిల్లు మీద 'నేచురల్ నీలం' అని ఉంది. కురువిందానికి వేడి లెక్క లేదు కదా అన్న ధీమాతో నేను రాయిని గూటిలోనే ఉంచి టంకం పెట్టాను. మంట తీసి చూసేసరికి, ఎండిన చెరువు మట్టి బీటలు వారినట్లు రాయి ముఖమంతా సన్నటి తెల్లని గీతలు తేలాయి. తరువాత ఆమ్లంలో వేసి తీస్తే ఆ గీతలు గుంటలుగా మారాయి. భూతద్దం పెట్టి ముందే చూసి ఉంటే లోపల పగుళ్ళ వెంట నీలిరంగు మెరుపు, అణిగిపోయిన గాలిబుడగలు నాకు కనిపించేవి. చూడకపోవడం నా తప్పు. రాయి ఖరీదు నేనే పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి ఏ రాయినీ లూప్ అనే ఆ చిన్న భూతద్దం పెట్టి చూడకుండా మంట దగ్గరకు తీసుకువెళ్ళలేదు.

మంట ఒక్కటే కాదు, నిమ్మరసం కూడా ఈ గాజును తింటుంది. ఉంగరం తీయకుండా నిమ్మకాయ పులిహోర కలిపే చేతికి ఇది ఎన్నాళ్ళు నిలుస్తుందో ఆలోచించండి. తెలిసి, తక్కువ ధరకు, పెళ్ళిళ్ళకు మాత్రమే పెట్టుకునే కమ్మల కోసం ఎవరైనా అడిగితే నేను కాదనను. ఉంగరంలో మాత్రం పొదగను.

డిఫ్యూజన్ నీలం అని ఒకటి చెబుతారు, అది ఏమిటి?

రంగు తక్కువగా ఉన్న కురువిందాన్ని సానపట్టి, టైటానియం సమ్మేళనపు పొడిలో పెట్టి చాలాసేపు కాలుస్తారు. టైటానియం పైపొరలోకి దిగి అక్కడ నీలిరంగు పుడుతుంది. ఆ పొర సాధారణంగా అర మిల్లీమీటరు కూడా ఉండదు. రంగు వెలవదు గాని, రాయి గీసుకుపోయి మళ్ళీ సానపట్టవలసి వస్తే రంగు పొర లేచిపోయి లోపలి తెలుపు బయటపడుతుంది. విడి రాయిని తెల్లని పింగాణీ గిన్నెలో నీళ్ళు పోసి వేసి, పైనుంచి చూస్తే, అంచుల వెంట, సాన ముఖాలు కలిసే గీతల వెంట రంగు గట్టిగా పేరుకుని, మధ్యభాగం వెలవెలబోతూ కనిపిస్తుంది. నీళ్ళకంటే కొబ్బరినూనెలో ఇది ఇంకాస్త తేటగా తెలుస్తుంది. మామూలుగా కాల్చిన రాయిలో రంగు ముఖాల గీతలను అనుసరించదు. తిన్నగానో కోణాలుగానో పట్టీలుగా ఉంటుంది.

బ్యాంకాక్ పుష్యరాగం, సిలోన్ పుష్యరాగం అంటారు. తేడా ఊరిలోనే ఉందా?

మన దుకాణాల్లో 'బ్యాంకాక్' అంటే చాలాసార్లు ఊరి పేరు కాదు, ట్రీట్‌మెంట్‌కు పెట్టిన మర్యాద పేరు. బెరీలియం అనే తేలికైన మూలకాన్ని అత్యధికమైన వేడిలో రాయిలోకి పంపితే పాలిపోయిన కురువిందం నిండు పసుపుగా, నారింజగా మారుతుంది. టైటానియంలా ఇది పైపొరలో ఆగదు, రాయి మధ్యవరకూ చొచ్చుకుపోగలదు. 2001, 2002 సంవత్సరాల్లో థాయిలాండ్‌లోని చంతబురి నుంచి ఇలాంటి రాళ్ళు ఏ వివరమూ చెప్పకుండా మార్కెట్లోకి వచ్చి వ్యాపారులనే కంగారుపెట్టాయి. కొలిమి మూసలో కురువిందంతోపాటు క్రిసోబెరిల్ అనే మరో ఖనిజపు ముక్కలు కలవడం వల్ల బెరీలియం రాళ్ళలోకి చేరిందని పరిశీలకులు తేల్చారు. ఆ క్రిసోబెరిల్ జాతిదే మన నవరత్నాల్లోని వైడూర్యం. మన తూర్పు కనుమల్లో రంగురాళ్ళ కోసం తవ్వేవారు వెతికే రాళ్ళలో అదీ ఒకటి.

బెరీలియం రాయి రంగు నిలుస్తుంది, గట్టితనానికి లోటు లేదు, నగకు భేషుగ్గా పనికొస్తుంది. అది కంటికి గాని లూప్‌కు గాని దొరకదు. ఖచ్చితంగా తేల్చడానికి పెద్ద ల్యాబ్‌లోని యంత్రాలు కావాలి. కాబట్టి ముదురు పసుపు రాయిని తక్కువ ధరకు ఇస్తున్నారంటే బెరీలియం రాయేనని అనుకుని, ఆ ధరే ఇవ్వండి. దీనికి తోడు, రేడియేషన్ కిరణాలతో పసుపు ఎక్కించిన రాళ్ళు కొన్ని ఉంటాయి. వాటి రంగు కొద్దిరోజుల ఎండకే వెలిసిపోతుంది, కనుక వాటిని ఏ ధరకూ కొనవద్దు.

ల్యాబ్‌లో తయారైన నీలం కొనడం తప్పా?

తప్పు లేదు. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త వెర్న్యూయ్ అల్యూమినా పొడిని మంటలో కరిగించి స్ఫటికంగా పెంచే పద్ధతిని 1902లో ప్రకటించాడు. నాటి నుంచి ఈ రాళ్ళు టన్నుల కొద్దీ తయారవుతూ వచ్చాయి. అవి గడియారాల్లోని ఇరుసు రాళ్ళుగానూ వాడబడ్డాయి. రసాయనికంగా గని రాయికీ దీనికీ తేడా లేదు, గట్టితనమూ అంతే, ధర మాత్రం చాలా చవక. పిల్లల నగలకు, రోజువారీ వెండి నగలకు గాజు నింపిన రాయికంటే ఇది ఎన్నో రెట్లు నమ్మకమైనది. ఒక్క మచ్చ కూడా లేని, చాలా పెద్ద, చాలా చవక నీలం చూపిస్తే ముందు ఇదేనని అనుమానించాలి.

పాలలో వేస్తే పాలు నీలంగా మారితే అసలు నీలమని పెద్దలు చెబుతారు. ఆ పరీక్ష నిజమేనా?

పెద్దల మాట మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ పరీక్ష దేన్నీ తేల్చదు. నీలం తన రంగును పాలలోకి వదలదు. గిన్నెలో నీలి వస్తువు ఉంటే దాని ఛాయ పాల మీద పడి కనిపిస్తుంది, నీలి గాజుముక్క వేసినా అంతే కనిపిస్తుంది. నోటి ఆవిరి ఊది అది ఎంత త్వరగా ఆరుతుందో చూసేవారు ఉన్నారు. గాజును, కురువిందాన్ని వేరుచేయడంలో దానికి కొంత అర్థం ఉంది గాని, గని రాయిని, ల్యాబ్ రాయిని, కాల్చిన రాయిని అది వేరుచేయలేదు. అద్దం మీద గీసి చూడటం మరీ చెడ్డ అలవాటు. ల్యాబ్ రాయి కూడా అద్దాన్ని గీస్తుంది, గాజు నింపిన రాయిలో రాతి అంచు తగిలితే అదీ గీస్తుంది, మధ్యలో మీ రాయి అంచు లేచిపోతుంది.

మరి దుకాణంలో నేనే స్వయంగా ఏం చూడగలను?

పది రెట్లు పెద్దదిగా చూపే లూప్ ఒకటి కొనుక్కోండి, కొద్ది వందల రూపాయల్లో వస్తుంది. దానిని కంటికి ఆనించి, రాయిని లూప్‌కు దగ్గరగా తెచ్చి, పక్కనుంచి టార్చి వెలుతురు పడేలా పట్టుకోండి. రాయిని మెల్లగా అటూ ఇటూ వంచినప్పుడు పగుళ్ళ వెంట నీలం, ఊదా మెరుపులు పరుగెత్తితే, గుండ్రని లేదా అణగిన బుడగలు కనిపిస్తే, రంగంతా పగుళ్ళలోనే చిక్కగా ఉండి రాయి దేహం పాలిపోయి ఉంటే అది గాజు నింపినది. గ్రామఫోన్ రికార్డు మీది గీతల్లా వంపు తిరిగిన రంగు చారలు ఉంటే మంటలో పెంచిన ల్యాబ్ రాయి; గని రాయిలో రంగు చారలు తిన్నగానో, తేనెపట్టు గదిలాగా ఆరు మూలల కోణంలోనో ఉంటాయి. సన్నటి సూదులు, వేలిముద్రను పోలిన మసక తెరలు కనిపిస్తే సంతోషించండి, అవి సాధారణంగా భూమి వేసిన గుర్తులు.

గూడు వెనకభాగం మూసి ఉన్న నగలో ఇవేవీ సరిగా కనిపించవు, పైగా మూసిన గూటిలో రాయి కింద మెరుపు రేకు పెట్టి రంగు ఎక్కువ చూపడం పాత పద్ధతి. అందుకే రాయిని విడిగా కొని తరువాత పొదిగించుకోమంటాను. కుదరకపోతే వెనక తెరిచి ఉన్న గూటిలో ఉన్నదాన్నే కొనండి.

ఏ రంగు ఎంచుకోవాలి?

దుకాణం దీపాల కింద నీలం ఎప్పుడూ అందంగానే ఉంటుంది. రాయిని గుమ్మం దాకా తీసుకువెళ్ళి పగటి వెలుతురులో ఒకసారి, ఇంట్లో వాడే పసుపు బల్బు కింద ఒకసారి చూడాలి. చవక నీలాల్లో సగానికి సగం మరీ ముదురుగా, సిరాబుడ్డిలా ఉంటాయి. పగలు నీలంగా కనిపించినా రాత్రి పెళ్ళిపందిరిలో నల్లరాయిలా ఉంటాయి. తక్కువ బడ్జెట్‌లో కాస్త లేత నీలం, సజీవంగా మెరిసేది తీసుకోవడమే నా దృష్టిలో తెలివైన పని. కాల్చిన లేత నీలాలు ముదురువాటికంటే తరచుగా చవకగా కూడా వస్తాయి. రాయిని అక్షరాల మీద పెట్టి చూస్తే మధ్యలోంచి అక్షరాలు తేలికగా చదవగలిగితే సాన లోతు చాలలేదని అర్థం. అలాంటి రాయి మధ్యలో కాంతి నిలవక వెలితిగా కనిపిస్తుంది.

క్యారెట్, రత్తి లెక్కలు ఎలా చూసుకోవాలి?

క్యారెట్‌లోనే అడగండి. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, దానిలో వివాదం లేదు. రత్తి అంటే కంసాలి లెక్కలో ఒక గురివింద గింజ బరువు, సుమారు 121 మిల్లీగ్రాములు. జాతకపు రాళ్ళ వ్యాపారంలో అదే రత్తి సుమారు 180 మిల్లీగ్రాములు. ఒకే మాటకు రెండు తూకాలు ఉన్నచోట నష్టం కొనేవారికే వస్తుంది. 6 మిల్లీమీటర్ల గుండ్రని నీలం సుమారు ఒక క్యారెట్ తూగుతుంది, 4 మిల్లీమీటర్లది దాదాపు మూడో వంతు. కమ్మలకు ఈ 4 మిల్లీమీటర్ల జత చాలు, దానిలో మంచి రంగు కాల్చిన రాళ్ళు అందుబాటు ధరలోనే దొరుకుతాయి. సైజు పెరిగేకొద్దీ బరువుతోపాటు క్యారెట్ ధర కూడా పెరుగుతుంది కాబట్టి, ఒక పెద్ద రాయికి బదులు రెండు మూడు చిన్నవి పెట్టించుకుంటే అదే ఖర్చులో మేలైన రాళ్ళు వస్తాయి.

ల్యాబ్ రిపోర్టు తప్పనిసరిగా ఉండాలా?

రాయి ధర మీద ఆధారపడి ఉంటుంది. రెండు మూడు వేల రాయికి పేరున్న ల్యాబ్ రిపోర్టు తీయిస్తే రుసుమే రాయి ధరను మించవచ్చు. అలాంటప్పుడు బిల్లు మీద రాతపూర్వకంగా వివరం రాయించుకుని, వాపసు గడువు అడగడం చాలు. పదివేలు దాటితే రిపోర్టు ఉన్న రాయి తీసుకోండి, లేదా రిపోర్టుకు లోబడి కొంటామని ముందే మాట్లాడుకోండి. జీఐఏ, ఐజీఐ వంటి అంతర్జాతీయ ల్యాబులు, జైపూర్‌లో ఒకప్పుడు జెమ్ టెస్టింగ్ ల్యాబొరేటరీ అని పిలిచిన, ఇప్పుడు ఐఐజీజే రీసెర్చ్ అండ్ ల్యాబొరేటరీస్ సెంటర్ అంటున్న ల్యాబ్ వంటివి ఈ పనిలో పేరున్నవి.

రిపోర్టు మీద 'నేచురల్' అన్న ఒక్క మాట చూసి ఆగిపోకండి. అది రాయి గనిలో పుట్టిందని మాత్రమే చెబుతుంది. కాల్చిన రాయికీ ఆ మాట వర్తిస్తుంది. దాని కిందనే ట్రీట్‌మెంట్ లేదా కామెంట్స్ అన్న వరస ఉంటుంది, అసలు సమాచారం అక్కడ ఉంటుంది. 'ఇండికేషన్స్ ఆఫ్ హీటింగ్' అంటే కాల్చిన ఆనవాళ్ళు ఉన్నాయని. గాజు విపరీతంగా ఉన్నవాటిని కొన్ని ల్యాబులు 'కాంపోజిట్', అంటే రాయీ గాజూ కలిసినది, అని రాస్తాయి. ఆ వరస ఖాళీగా ఉన్న, ల్యాబ్ పేరు ఎప్పుడూ విననిది ఉన్న కార్డును లామినేషన్ చేసి రాయితోపాటు ఉచితంగా ఇస్తే దానికి కాగితపు విలువే ఇవ్వండి.

హాల్‌మార్క్ ఉంది కదా, రాయికి కూడా భరోసా ఉన్నట్టేనా?

లేదు. బీఐఎస్ హాల్‌మార్క్, దానిలోని ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ సంఖ్య బంగారం స్వచ్ఛతకే హామీ. రాయి గురించి అది ఒక్క మాటా చెప్పదు. బిల్లులో బంగారం నికర బరువు, రాళ్ళ బరువు వేరువేరుగా ఉండాలి. రాళ్ళ బరువును బంగారం ధరకు కలిపి లెక్కకట్టడం ఇంకా అక్కడక్కడా జరుగుతోంది. రాయి వరసలో 'నీలం, సహజమైనది, కాల్చినది, గాజు నింపలేదు, ఇన్ని క్యారెట్లు' అని తెలుగులోనైనా సరే రాయమనండి. నిజాయితీగా అమ్మే వ్యాపారికి ఇది రాయడానికి అర నిమిషం పడుతుంది.

ఎలాంటి నగలో పొదిగించుకోవాలి? వెండి పనికొస్తుందా?

కాల్చిన రాయి, ల్యాబ్ రాయి ఏ లోహంలోనైనా, ఉంగరంలోనైనా నిశ్చింతగా ఉంటాయి. వెండి బాగానే ఉంటుంది, నీలానికి తెల్లలోహం అందం కూడా తెస్తుంది. రాయిలో పగుళ్ళు ఉంటే చుట్టూ లోహపు పట్టీ వచ్చేలా గూడు చేయించండి. నాలుగు గోళ్ళ పట్టులో బిగించేటప్పుడు పగులు మీద ఒత్తిడి పడి విరగవచ్చు. ఉంగరం పెంచాలన్నా తగ్గించాలన్నా ముందు రాయి తీసి పక్కన పెట్టమని కంసాలి గారికి మీరే చెప్పండి.

ఇంట్లో ఎలా శుభ్రం చేయాలి?

గోరువెచ్చని నీళ్ళలో కాస్త తేలికపాటి సబ్బు కలిపి, మెత్తని బ్రష్‌తో వెనకభాగం రుద్ది, మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. మన ఇళ్ళలో కుంకుడు రసంతో నగలు కడిగే అలవాటు కాల్చిన నీలానికి ఏ హానీ చేయదు. గాజు నింపిన రాయికి మాత్రం చింతపండు, నిమ్మ, వాషింగ్ సోడా, దుకాణంలోని అల్ట్రాసోనిక్ యంత్రం ఏవీ తగలకూడదు.

నీలం అందరికీ పడదంటారు. నగలో పెట్టుకోవచ్చా?

ఇది నమ్మకానికి సంబంధించిన ప్రశ్న, దానిపై తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. శనిగ్రహపు రాయి కనుక కొన్నాళ్ళు దిండు కింద పెట్టుకుని చూసి, ఆ తరువాతే ధరించేవారు మన ప్రాంతంలో చాలామంది ఉన్నారు. మీ ఇంట్లో ఆ పట్టింపు ఉంటే మీ సిద్ధాంతి గారిని అడిగాకే కొనండి. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. జాతకం కోసం అయితే ఎక్కువమంది సిద్ధాంతులు కాల్చని రాయే కావాలంటారు. అలాంటి రాయి ఈ ధరల్లో రాదు. జాతకపు రాయి పేరు చెప్పి, పెద్ద సైజులో, రెండు మూడు వేలకు 'కాల్చని నీలం' అమ్మేవారి మాట నమ్మవద్దు. సిరిమాను సంబరాల రోజుల్లో రోడ్డు పక్కన పరచి అమ్మే నవరత్నాల ఉంగరాల్లో రాళ్ళు గాజో, ల్యాబ్ రాళ్ళో అయి ఉంటాయి, ముచ్చటకు కొనుక్కోవచ్చు.

కాశ్మీర్ నీలమని చెబుతున్నారు, నమ్మవచ్చా?

నమ్మవద్దు. జమ్మూ కాశ్మీర్‌లోని పాడర్ ప్రాంతంలో ఆ రాళ్ళు 1880ల తొలి సంవత్సరాల్లో బయటపడి, కొద్ది ఏళ్ళలోనే ప్రధాన నిక్షేపం తరిగిపోయింది. ఇప్పుడు అవి అంతర్జాతీయ వేలాల్లో కనిపించే సరుకు.

మా మామ్మగారి కమ్మల్లో నీలాలు ఉన్నాయి. పాతవి కనుక అసలువే కదా?

అలా అనుకోవడం సహజమే గాని, పాతతనం రాయికి సాక్ష్యం కాదు. ల్యాబ్ నీలాలు నూరేళ్ళకు పైగా మార్కెట్లో ఉన్నాయి, మీ మామ్మగారి పెళ్ళినాటికే అవి ఊరూరికీ చేరి ఉండవచ్చు. మా బల్ల మీదకు వచ్చిన ఒక జత పాత కమ్మల్లో ఎడమ కమ్మలోని రాయిలో తేనెపట్టు కోణాల చారలు, కుడి కమ్మలోని రాయిలో వంపు గీతలు కనిపించాయి. ఎప్పుడో ఒక రాయి ఊడిపోతే మరొకటి పెట్టించి ఉంటారు. ఆ విషయం చెప్పాక కూడా ఆ ఇంటి పెద్దావిడ రెండిటినీ అలాగే ఉంచమన్నారు, నేను గూళ్ళు బిగించి ఇచ్చాను. పాత నగ అమ్మాలనుకున్నా, కరిగించాలనుకున్నా ముందు రాళ్ళను విడిగా చూపించండి. కాల్చని మంచి నీలం ఒకటి ఉంటే దాని విలువ బంగారాన్ని మించవచ్చు.

మోసపోయానని తెలిస్తే ఏం చేయాలి?

ముందు నగను అలాగే ఉంచండి, మరమ్మతు చేయించకండి. బిల్లు, రిపోర్టు, ఆన్‌లైన్‌లో కొంటే ఆ పేజీ ఫొటో భద్రపరచి, మరొక ల్యాబ్ నుంచి రాయి వివరం రాతపూర్వకంగా తీసుకుని దుకాణదారుకు చూపండి. చాలా తగాదాలు అక్కడే తీరిపోతాయి. తీరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆ తరువాత 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, సమస్య తలెత్తిన రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు. అక్కడ మీ పక్షాన మాట్లాడేది బిల్లు మీద రాయి పేరు పక్కన ఉన్న నాలుగు మాటలే కాబట్టి, ఆ మాటలు రాయనిదే డబ్బు ఇవ్వవద్దని నగ కొనడానికి వెళ్ళే ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను.